ఏరేసినవి ఎటు పోతున్నాయి?

ఏ వస్తువైనా పారెయ్యాలంటే మనకు చేతులు రావు. వానలు మొహం చాటేసే నేలలో పుట్టి పెరిగినవాళ్లం మరి! మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం... ఈ పడమటి ప్రాంతంలో గింజ ఇంటికి చేరడం వెనక ఎంత చాకిరీ ఉందో పొలానికి వెళ్లే ప్రతి ఆడదానికీ తెలుసు. టౌన్లో ఉంటున్నవాళ్లకు కూడా అమ్మలు, అత్తలు నేర్పిన పాఠం అదే. గింజ నేలపాలు కాకూడదు. ఈ పొదుపే మన సంసారాలను నిలబెట్టింది, కాదనను. కానీ ఒక్కచోట మాత్రం అది మనకే ఎదురు తిరుగుతోంది. ఈ వారం ఆ సంగతే మాట్లాడుకుందాం.

శనక్కాయలు వలిచాక చేటలో పోసి ఏరతాం కదా. బాగున్న గింజ అమ్మకానికో, డబ్బాలోకో పోతుంది. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, పుచ్చినవి, ఆకుపచ్చ బూజు అంటుకున్నవి పక్కకు తీస్తాం. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ పక్కకు తీసిన గుప్పెడు తర్వాత ఎటు పోతోందో ఎప్పుడైనా గమనించారా? కాస్త నయంగా ఉన్నవి వేయించి, ఇంత చింతపండూ ఎండుమిరపకాయలూ వేసి నూరితే పచ్చడి అవుతుంది. కొన్ని గానుగకు పోతాయి. మిగిలినవి గేదె కుడితిలోకి, కోళ్ల ముందుకి. మిరపకాయల్లో ఎర్రటివి మార్కెట్టుకు, తెల్లబారిన తాలు కాయలు ఇంట్లో కారానికి. ముక్కవాసన కొట్టే మొక్కజొన్న గొడ్లకు. చివరికి లెక్క చూస్తే పారేసింది ఏమీ లేదు. ఏరాం, అంతే!

ఏరడమే గొప్ప పని అనుకుంటాం. నిజానికి అది సగం పనే. మిగతా సగం, ఏరిన వాటిని ఎవరి నోటికీ అందకుండా చెయ్యడం.

ఎందుకంత పట్టింపు అంటారా? ఆ బూజుల్లో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనేది ఒకటుంది. అది గింజ మీద పెరిగేటప్పుడు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. దీని సంగతి లోకానికి తెలిసింది 1960లో. ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. ఏ రోగమో అంతుపట్టక ముందు దానికి టర్కీ-ఎక్స్ జబ్బు అని పేరు పెట్టారు. వెతగ్గా వెతగ్గా కారణం మేతలో కలిపిన వేరుశనగ చెక్కలో దొరికింది. ఆ చెక్క బ్రెజిల్ నుంచి వచ్చింది. ఈ విషం మొట్టమొదట దెబ్బతీసేది కాలేయాన్ని. కాలేయ క్యాన్సర్ తెచ్చేదిగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దీన్ని మొదటి వర్గంలో, అంటే మనుషులకు క్యాన్సర్ తెస్తుందని రుజువైనవాటి జాబితాలో చేర్చింది. ఒంట్లో హెపటైటిస్-బి కూడా ఉంటే ఆ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు వేసే హెపటైటిస్-బి టీకా తప్పించకూడదని చెప్పడానికి ఇదీ ఒక కారణమే.

అదంతా ఇంగ్లండు కోళ్ల గొడవ అనుకోకండి. 1974లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, డుంగర్‌పూర్, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల్లో గిరిజన గూడేలకు పెద్ద ఆపద వచ్చిపడింది. పంట చేతికొచ్చే వేళ అకాల వర్షాలు పడ్డాయి. తడిసిన మొక్కజొన్నను వాళ్లు అలాగే దాచుకుని తిన్నారు. వేరే తిండి ఉంటే కదా! కామెర్లు, కడుపుబ్బరంతో దాదాపు 400 మంది మంచాన పడ్డారు. 106 మంది చనిపోయారు. అదే తిండి తిన్న ఊరకుక్కలు కూడా చచ్చిపోయాయి. ఈ గుట్టు విప్పినవాళ్లు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు.

ఇంకా దగ్గరికి రండి. 1982లో చిత్తూరు జిల్లాలో కోళ్లఫారాలు దెబ్బతిన్నాయి. కారణం విషం పట్టిన వేరుశనగ చెక్క. 1985లో రంగారెడ్డి జిల్లాలో మేత వల్ల గుడ్ల దిగుబడి సగానికి పడిపోయింది. 1995లో అటు కర్ణాటకలో, ఇటు మన రాష్ట్రంలో 27 గ్రామాల జనం కడుపునొప్పితో, విరేచనాలతో బాధపడ్డారు. వాళ్లు తిన్నది కోత సమయంలో వానకు తడిసి బూజు పట్టిన జొన్న, మొక్కజొన్న. అక్కడ దొరికింది వేరే బూజు తాలూకు విషం, పేరు ఫ్యుమోనిసిన్. పేరు ఏదైతేనేం, దారి మాత్రం ఒకటే. తడిసిన గింజ, పారెయ్యలేని బీదరికం.

కంటికి కనపడని విషం మన ప్రాంతం ఆడవాళ్లకు కొత్త కాదు. ఫ్లోరైడు నీళ్లతో ఎన్నేళ్లుగా వేగుతున్నామో ఒకరు చెప్పక్కర్లేదు. నీళ్లు తేటగానే ఉంటాయి, కానీ పళ్లు గారకడతాయి, కీళ్లు పట్టేస్తాయి. కాచినా ఆ ఫ్లోరైడు పోదు. అఫ్లటాక్సిన్‌దీ అదే తంతు. ఉడికిస్తే, వేయిస్తే, ఇడ్లీ ఆవిరి పెడితే బూజు చస్తుంది గానీ అది వదిలిన విషం చాలావరకు అలాగే ఉంటుంది. "బాగా వేయించానులే, ఏం కాదు" అనే మాట ఇక్కడ చెల్లదు. బూజు దులిపేసినా చెల్లదు. పైకి బూజు కనపడని గింజలోనూ విషం ఉండొచ్చు. అలాగని ప్రతి బూజూ విషమే కాదు, పులిసిన పిండి బూజు పట్టిన పిండీ కాదు. మన ఇడ్లీ పిండికి వచ్చిన భయం ఏమీ లేదు.

ఒక పూట ఇలాంటి పచ్చడి తింటే ఏమవుతుంది? ఆ పూటకు ఏమీ కాకపోవచ్చు. అందుకే మనం దీన్ని పట్టించుకోం. కానీ కొంచెం కొంచెంగా, ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే దాని దెబ్బ కాలేయం మీద పడుతుంది. పిల్లల ఎదుగుదల మీద కూడా పడుతుందని అనుమానం. ఆఫ్రికాలో బెనిన్, టోగో దేశాల్లో జరిగిన పరిశోధనలో అఫ్లటాక్సిన్ ఎక్కువగా ఉన్న పిల్లలు వయసుకు తగ్గ ఎత్తు, బరువు లేకుండా కనిపించారు.

ఇక గేదె సంగతి. ఏరేసినవి గొడ్డుకు పెడితే మనకు ఏమీ కాదనుకుంటాం. కానీ మేతలో తిన్న అఫ్లటాక్సిన్‌లో నూటికి ఒకటి రెండు పాళ్లు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే, రూపు మార్చుకుని పాలలోకి వచ్చేస్తుంది. అదీ ఒక రోజు తిరక్కుండానే. పాలు కాచినా పోదు, తోడు పెట్టినా పోదు. పక్కకు తీసిన గింజ కుడితి తొట్టి మీదుగా తిరిగి తిరిగి మన చంటిపిల్లల గ్లాసులోకే వచ్చిందన్నమాట!

మన ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2019 అక్టోబరులో పాల సర్వే ఫలితాలు బయటపెట్టింది. దేశమంతటా 6,432 నమూనాలు పరీక్షించారు. యూరియా, సబ్బుపొడి లాంటి కల్తీ దొరికింది 12 నమూనాల్లో. అఫ్లటాక్సిన్ హద్దు దాటింది 368 నమూనాల్లో! మనమేమో రోజూ పాలవాణ్ణి అనుమానిస్తూ ఉంటాం. అసలు చూడాల్సింది గొడ్డు తినే చెక్కనీ, దాణానీ. శనగ చెక్క ఒక్కటే కాదు, పత్తిగింజల చెక్కకీ ఈ బెడద ఉంది. ఇందులో ఒక మంచి మాట కూడా ఉంది. చెడ్డ మేత ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలు బాగుపడతాయి. పాడి ఉన్న ఇల్లాలి చేతిలో ఉన్న పని ఇది.

అసలు ఏరడం వల్ల లాభం ఉంటుందా అని అడగొచ్చు. చాలా ఉంది. ఈ విషం బస్తా అంతటా సమానంగా పరుచుకుని ఉండదు. వందల గింజల్లో ఏ ఒకటి రెండింటిలోనో ముద్దగా ఉంటుంది. ఆ ఒకటి రెండూ చాలావరకు రంగు మారినవి, ముడుచుకున్నవి, పుచ్చినవే అయి ఉంటాయి. అందుకే పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు రంగును బట్టి గింజను విడదీసే యంత్రాలు పెట్టుకున్నాయి. మన చేటా, మన కన్నూ, మన వేళ్లూ చేసే పని అదే. ఆ పని విలువ మనకే తెలియక, తీసిన విషాన్ని మళ్లీ వంటింట్లోకి తెచ్చుకుంటున్నాం.

అయితే తప్పంతా వంటింటిదే అంటే నేను ఒప్పుకోను. బూజు మొదలయ్యేది పొలంలో, కళ్లంలో. కోతకు ముందు మూడు నాలుగు వారాలు బెట్ట పడితే కాయ నేలలో ఉండగానే ఈ బూజు పట్టుకుంటుంది. మన దగ్గర బెట్ట ఎప్పుడూ ఉన్నదే. కోసిన తర్వాత వాన పడితే సరేసరి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వానల్లో తడిసిన పంటను చూసి రైతు ఇంట్లో పొయ్యి వెలగదు. తడిసిన కాయను పారెయ్యమంటే ఎలా పారేస్తుంది? అప్పు ఎవరు తీరుస్తారు?

ఇంకో సంగతి కూలికి వెళ్లే ఆడవాళ్లను అడిగితే తెలుస్తుంది. శనక్కాయలు వలిచేటప్పుడు పొట్టు మెత్తబడాలని నీళ్లు చిలకరిస్తారు. లేకపోతే వేళ్లు పగిలి రక్తం కారుతుంది, పని సాగదు. మిరపకాయ సంచికెత్తే ముందు కూడా అంతే. కాయ విరిగిపోకుండా, ఘాటు లేవకుండా నీళ్లు చల్లుతారు. తూకం పెరుగుతుందనే ఆశ కొందరు వ్యాపారులది. ఎండబెట్టిన గింజకు మళ్లీ తడి తగిలిందంటే బూజుకు పీట వేసి పిలిచినట్టే. కానీ కిలోల లెక్కన కూలి ఇస్తూ "నీళ్లు చల్లొద్దు" అని ఆ అమ్మను కోప్పడితే ఏం న్యాయం? కాయలు వలిచే చిన్న యంత్రం ఊరి సంఘానికి ఇప్పించమనండి, కూలి రేటు మార్చమనండి. అప్పుడు నీళ్లు వాటంతట అవే ఆగుతాయి.

ధర విషయంలోనూ ఇదే అన్యాయం. మన చట్టం ప్రకారం మసాలా దినుసుల్లో అఫ్లటాక్సిన్ కిలోకు 30 మైక్రోగ్రాములు దాటకూడదు. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. యూరప్ దేశాల్లో ఈ హద్దు 10. పాలలో మన హద్దు 0.5, వాళ్లది 0.05. పై దేశాలకు పంపే మిరపను స్పైసెస్ బోర్డు ప్రయోగశాలల్లో పరీక్షిస్తారు, గుంటూరులో కూడా ఒకటుంది. పరీక్షలో నెగ్గింది ఓడెక్కుతుంది. నెగ్గనిది ఎటు పోతుంది? చేటలో ఏరేసిన గింజల గురించి అడిగిన ప్రశ్నే ఇక్కడా అడగాలి. పొడి కొట్టేశాక ఎర్రటి రంగులో ఏం కలిసిందో ఎవరి కంటికి కనిపిస్తుంది?

మలావీ అని ఆఫ్రికాలో ఒక చిన్న దేశం ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తయారుచేసిన చవకైన పరీక్ష కిట్టును అక్కడి చిన్నరైతుల సంఘం వాడుకుంది. పోగొట్టుకున్న యూరప్ మార్కెట్టును మళ్లీ సంపాదించుకుంది. సంతోషమే. కానీ పరీక్షలో పోయిన గింజలు చవగ్గా లోకల్ సంతల్లోకి చేరుతున్నాయని అక్కడా గొడవ. బీదవాళ్ల కంచమే అన్నిచోట్లా చెత్తబుట్ట అవుతోంది. ఇదీ నా బాధ.

సరే, మన చేతిలో ఉన్న పనులు చూద్దాం. పొలం ఉన్నవాళ్లు శనగకు ఊడలు దిగే సమయంలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే పొట్టు గట్టిపడుతుంది, బూజు లోపలికి దూరడం తగ్గుతుంది. చెట్లు పీకాక కాయలు పైకి వచ్చేలా తిరగేసి ఆరబెట్టాలి. మట్టి నేల మీద కాకుండా పట్టా మీద ఆరబోయాలి. రాత్రిళ్లు మంచు పడకుండా కప్పాలి. శనక్కాయ ఊపితే లోపల గింజ గలగలమనాలి. మిరపకాయ నలిపితే పుటుక్కుమని విరగాలి. తేమ శనక్కాయలో 8, 9 శాతానికీ, మిరపలో 10, 11 శాతానికీ, మొక్కజొన్నలో 12 శాతానికీ దిగాకే సంచికెత్తాలి. సంచులు నేల మీద కాదు, చెక్కల మీద, గోడకు ఆనకుండా పెట్టాలి.

టౌన్లో ఉన్నవాళ్లు శనగపప్పుల్ని నెలకు సరిపడా కొనండి, సంవత్సరానికి కాదు. వానాకాలంలో ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది. కారం పొడి బదులు కాయలు కొని, నాలుగు విరిచి లోపల నల్లగా, బూడిదరంగుగా ఉందేమో చూసి, ఎండబెట్టి పట్టించుకోండి. డబ్బాలో తడి చెంచా పెట్టకండి. శనగపప్పు నోట్లో వేసుకోగానే చేదు తగిలితే మొహమాటపడకుండా ఉమ్మేయండి, ఎవరింట్లో ఉన్నా సరే. గానుగ నూనె ఆడించుకునేవాళ్లు గింజ మీరే ఏరి తీసుకెళ్లండి. ఆడించిన నూనెను కదపకుండా ఉంచి, తేరిన పైనూనె మాత్రం వడకట్టుకోండి. అడుగు మడ్డిలోనే విషం ఎక్కువ ఉంటుంది. దాన్ని పిండివంటలకు వాడొద్దు, గేదెకూ పెట్టొద్దు.

ఇక ఏరేసినవి. పెంటకుప్ప మీద పోస్తే కోళ్లూ, కుక్కలూ తింటాయి. ఎరువు గుంటలో లోతుగా వేసి మట్టి కప్పండి. గుప్పెడు గింజలు పోయాయని మనసు చివుక్కుమంటుంది. పోనివ్వండి. ఆస్పత్రికి ఒక్కసారి ఒంగోలు వెళ్లొచ్చే బస్సు చార్జీతో ఎన్ని గుప్పెళ్లు కొనుక్కోవచ్చో లెక్కేసుకోండి.

భయపడి శనక్కాయలు మానేయమని మాత్రం నేను చెప్పను. మన పిల్లలకు అంత చవగ్గా మాంసకృత్తులిచ్చే తిండి ఇంకొకటి ఏముంది? శుభ్రమైన గింజ తినాలి, పెట్టాలి. అందుకు మనం అడగాల్సినవి కూడా ఉన్నాయి. ఊరికో రైతు సేవా కేంద్రం ఉంది. అక్కడ తేమ కొలిచే మీటరు, అద్దెకు పట్టాలు ఉండాలని అడగండి. పాల కేంద్రంలో వెన్న శాతం చూసినట్టే ఈ విషం కోసం అప్పుడప్పుడూ పరీక్ష చేయించమని అడగండి. దాణా బస్తా కొనేటప్పుడు పరీక్ష కాగితం ఉందా అని అడగండి. 2020 జనవరిలో మన రాష్ట్రంలో బడి భోజనంతో పాటు చిక్కీ ఇవ్వడం మొదలుపెట్టారు. చాలా మంచి ఆలోచన అది. అలా పిల్లల కోసం వచ్చే శనగ సరుకు ఏదైనా సరే, ఏ లాటుకు ఏ పరీక్ష జరిగిందో చెప్పమని తల్లుల కమిటీ అడగొచ్చు, తప్పేమీ లేదు. కారం పొడులూ, చిక్కీలూ చేసి అమ్మే డ్వాక్రా సంఘాలు నలుగురూ కలిసి ఒక తేమ మీటరు కొనుక్కుంటే వాళ్ల సరుకుకే పేరొస్తుంది. ఎండబెట్టి ఏరి తెచ్చిన కాయకు నాలుగు రూపాయలు ఎక్కువిచ్చే వ్యాపారి ఉంటే, రైతు ఇంటి ఆడవాళ్లకు ఇంకెవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఈ ఆదివారం వంటింట్లో డబ్బాలు దించండి. శనగపప్పు డబ్బా, ఎండుమిర్చి డబ్బా, మొక్కజొన్న రవ్వ డబ్బా. చేటలో పోసి ఏరండి. ఏరినవి ఎటు వేశారో మీ పక్కింటావిడకు కూడా చెప్పండి.